పామాయిల్ గెల ధర వెనుక సుంకాల లెక్క

ఏలూరు జిల్లా తోటలో కోసిన పామాయిల్ గెలకు ధర కట్టేది ఊరి బజారు కాదు. కౌలాలంపూరు వాయిదా మార్కెట్టు, డాలరు మారకపు రేటు, ఢిల్లీ విధించే దిగుమతి సుంకం, ఈ మూడూ కలిసి ఆ ధరను నిర్ణయిస్తాయి. దేశంలో వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతి సరుకే. అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. అది ముఖ్యంగా ఇండొనేషియా, మలేషియాల నుంచి వస్తుంది.

మిర్చి, పసుపు రైతులు ధర నచ్చకుంటే సరుకు నిల్వ చేసుకోగలరు. పామాయిల్ రైతుకు ఆ వీలు లేదు. కోసిన గెలలను 24 గంటల్లో మిల్లుకు చేర్చకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యం పడిపోతుంది. కనుక ఆ నెల ప్రకటించిన ధరకే అమ్ముకోవలసి వుంటుంది.

ధర లెక్క

2021లో కేంద్రం ఆమోదించిన జాతీయ వంటనూనెల పథకంలోని సూత్రం ప్రకారం, టన్ను గెలల ధర టన్ను ముడినూనె ధరలో 14.3 శాతం. అంటే ముడినూనె టన్నుకు 1,000 రూపాయలు తగ్గితే గెలల ధర టన్నుకు 143 రూపాయలు తగ్గుతుంది.

కాకినాడ రేవుకు చేరిన ముడినూనె టన్ను 1,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకొంటే సరుకు ఖరీదు 85,000 రూపాయలు. సెస్సులతో కలిపి సుంకం 27.5 శాతం వున్నప్పుడు అది 1,08,375 రూపాయలవుతుంది. సుంకం 16.5 శాతమైతే 99,025 రూపాయలే. తేడా 9,350 రూపాయలు. పై సూత్రం ప్రకారం టన్ను గెలలకు రైతు నష్టపోయేది సుమారు 1,337 రూపాయలు. ఎకరాకు పది టన్నుల దిగుబడి వుంటే 13 వేలు దాటుతుంది. 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెంచిన సుంకాన్ని 2025 మే 30న 16.5 శాతానికి తగ్గించారు.

ఒప్పందాల పరిమితి

ప్రపంచ వాణిజ్య సంస్థ వద్ద పామాయిల్‌పై భారత్ ఒప్పుకొన్న గరిష్ఠ సుంకం 300 శాతం. కాని 2010 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఆసియాన్ ఒప్పందం ప్రకారం, ఆ దేశాల ముడినూనెపై సుంకాన్ని 2019 ఆఖరుకు 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనెపై 45 శాతానికి దించవలసి వచ్చింది. సరుకు వచ్చేదే ఆ దేశాల నుంచి గనుక 300 శాతం కాగితం మీదనే మిగిలింది.

మలేషియాతో విడిగా మరో ఒప్పందం వున్నది. దాని మూలంగా 2019 జనవరిలో మలేషియా శుద్ధి నూనెపై సుంకం 45 శాతం కాగా, ఇండొనేషియా నూనెపై 50 శాతం వుండేది. ఆ అయిదు శాతం తేడాకే మలేషియా సరుకు వెల్లువెత్తింది. సెప్టెంబరులో దానిపై అదనంగా 5 శాతం రక్షణ సుంకం వేశారు.

నేపాల్ దారి

నేపాల్‌లో పామాయిల్ తోటల సాగు లేదు. అయినా 2019లో అక్కడి నుంచి శుద్ధి పామాయిల్ భారీగా వచ్చింది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద నేపాల్ సరుకుకు సుంకం లేదు. బయటి ముడినూనెను అక్కడ శుద్ధి చేసి ఇటు పంపడం లాభసాటి అయింది. 2020 జనవరిలో శుద్ధి పామాయిల్ దిగుమతిపై ఆంక్షలు పెట్టారు. సరుకు ఎక్కడ పుట్టిందన్న నిబంధన ఇటువంటి ఒప్పందాలకు ఆయువుపట్టు.

ఎవరికి లాభం?

సుంకం తగ్గితే గృహిణికి నూనె చౌక. ముడి, శుద్ధి నూనెల సుంకాల మధ్య తేడా పెరిగితే కాకినాడ, కృష్ణపట్నం శుద్ధి కర్మాగారాలకు పని. రైతుకు మాత్రం ధర తరుగుతుంది. ఎగుమతి దేశాలూ తమ వినియోగదారులనే ముందు చూసుకొంటాయి. 2022 ఏప్రిల్ 28న ఇండొనేషియా ఎగుమతులు నిలిపివేసి, మే 23న తిరిగి అనుమతించింది.

పామాయిల్ మొక్క నాలుగో ఏట కాపుకు వచ్చి పాతికేళ్లు కాస్తుంది. సుంకం ఒక్క ప్రకటనతో రాత్రికి రాత్రే మారుతుంది. తోట వేయదలచినవారు ఈనాటి గెల ధర ఒక్కటే చూడక, సుంకం కనిష్ఠంగా వున్నప్పుడు కూడా సాగు గిట్టుతుందా అని లెక్క కట్టుకోవడం మంచిది.