కంప్యూటర్ మెమరీ – దోషాన్వేషణ

భాగాలను విడివిడిగా కొని ఇంటిలోనే కూర్చుకొన్న కంప్యూటరు కాలక్రమంలో మందగించినప్పుడు, దాని యజమానికి మొదట స్ఫురించే ఉపాయం మెమరీని పెంచడం. కొత్త ర్యామ్ స్టిక్కును స్లాటులో అమర్చగానే వేగం పెరుగుతుందని అతడు ఆశిస్తాడు. కాని ఒక్కొక్కప్పుడు తెర నల్లగానే ఉండిపోతుంది. ఒక్కొక్కప్పుడు యంత్రం నడుస్తూనే హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ సమయంలో తొందరపాటు కొత్త నష్టాలను తెస్తుంది. క్రమబద్ధమైన ఆలోచన దోషాన్ని పట్టి ఇస్తుంది.

నేటి ర్యామ్‌కు మూలమైన మెమరీ కణానికి ఐ.బి.ఎం. ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందాడు. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి ఒక కణం. కెపాసిటరులో విద్యుదావేశం ఉన్నదా, లేదా అన్నదానిని బట్టి ఆ కణం 1 లేదా 0 అవుతుంది. ఆ ఆవేశం త్వరగా జారిపోతుంది గనుక, డీడీఆర్4 రకంలో సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రతి కణాన్నీ తిరిగి నింపవలసి ఉంటుంది. పునశ్చరణ లేని చదువు వలెనే పునశ్చరణ లేని మెమరీ కూడా నిలువదు.

మొదట పరిశీలించవలసినది పొందిక. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాల ప్రామాణిక వోల్టేజీలు వరుసగా 1.5, 1.2, 1.1. ఒకదాని స్థానంలో మరొకటి చొరబడకుండా వాటి అంచున గాడిని వేరువేరు చోట్ల ఏర్పరచారు. స్టిక్కు దిగకపోతే బలప్రయోగం తగదు. విద్యుత్తును పూర్తిగా తొలగించి, లోహాన్ని తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, క్లిప్పు బిగిసేవరకు స్టిక్కును సమంగా నొక్కాలి. డీడీఆర్5 కంప్యూటర్లలో మార్పు తరువాత మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతలోనే స్విచ్చి ఆపరాదు.

పొందిక సరిగా ఉన్నా దోషం తొలగనప్పుడు మన తర్కశాస్త్రం చెప్పిన అన్వయ వ్యతిరేకాలు అక్కరకు వస్తాయి. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇది లేకపోవడం వ్యతిరేకం. మదర్‌బోర్డు పుస్తకంలో సూచించిన స్లాటులో ఒక్క స్టిక్కునే ఉంచి చూడాలి. పిదప అదే స్లాటులో రెండవ దానిని, ఆపైన మంచి స్టిక్కునే వేరొక స్లాటులో ఉంచి చూడాలి. దోషం స్టిక్కు వెంట పోతే తప్పు స్టిక్కుది. స్లాటు వద్దనే నిలిస్తే తప్పు స్లాటుదో, దానితో ముడిపడిన మదర్‌బోర్డు, ప్రాసెసర్లదో అవుతుంది. విడివిడిగా చక్కగా పనిచేసినవి కలిసినప్పుడు మొరాయిస్తే దోషం వాటి సాంగత్యంలో ఉన్నట్లు. బయోస్‌లో వేగాన్ని తగ్గించడం, లేదా ఒకే జతగా అమ్మిన స్టిక్కులను వాడడం దీనికి పరిష్కారం. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది కారణమో తేలదు.

కంటికి కనిపించే దోషం కంటె కనిపించని దోషం ప్రమాదకరం. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య 3093, ‘గ’ సంఖ్య 3095. ఈ రెండింటికీ భేదం ఒకే ఒక బిట్టు. ఒక్క కణం తప్పినచో ‘కుడి’ అన్నది ‘గుడి’ అవుతుంది. అదే విధంగా 91 మార్కులు 11 కావచ్చు. యంత్రం ఏ హెచ్చరికా చేయకుండానే ఆ తప్పును డిస్కులో భద్రపరుస్తుంది.

అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్నది స్థాలీపులాక న్యాయం. మెమరీ విషయంలో ఈ న్యాయం చెల్లదు. 8 గిగాబైట్ల స్టిక్కులో 6,800 కోట్లకు పైగా బిట్లు ఉంటాయి. అన్నింటినీ వ్రాసి చదివి సరిచూసే మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామును కొన్ని గంటలపాటు నడపాలి. ఒక్క తప్పు కనిపించినా, కారణం తేలేవరకు ఆ మెమరీని నమ్మరాదు. ముఖ్యమైన ఫైళ్ల నకళ్లను మార్పునకు ముందే వేరొక చోట భద్రపరచుకోవడం వివేకవంతుల లక్షణం.

అర్థాలు
పునశ్చరణ = మరల మరల చేయడం
సాంగత్యం = కలయిక
స్థాలి = వంటపాత్ర
పులాకం = మెతుకు

ప్రశ్నలు
1. అన్వయ వ్యతిరేకాల ద్వారా మెమరీ దోషాన్ని నిర్ణయించే విధానాన్ని వివరించండి.
2. మెమరీ పరీక్షకు స్థాలీపులాక న్యాయం ఎందుకు వర్తించదు?
3. ఒక్క బిట్టు తప్పడం వలన కలిగే అనర్థాన్ని సోదాహరణంగా తెలపండి.