ముల్లు ఎప్పుడు లేస్తోంది?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఇరుక్కుంటే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. అప్పుడు ఏసీ కూడా చల్లగా రావడం లేదు. మెకానిక్ రేడియేటర్ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దండి. జబ్బేమిటో మీ ఉత్తరమే చెబుతోంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగితే ఆ గాలి ఉండదు, ఫ్యానే దిక్కు. ఏసీ కండెన్సర్ ఉండేది కూడా రేడియేటర్ ముందే. ఆగినప్పుడే ఇంజన్ వేడెక్కి, ఏసీ కూడా అప్పుడే తగ్గుతోందంటే నా అనుమానమంతా ఫ్యాన్ మీదే.

హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తండి. కాసేపట్లో ఫ్యాన్ జోరుగా తిరగాలి. చేతులు, చున్నీ, పైట కొంగు దానికి దూరంగా ఉంచండి. తాళం తీసేసినా కొన్ని బండ్లలో అది తిరుగుతుంది. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాతే మోటారు చూడమనండి. నీరసంగా తిరిగినా మోటారులో బ్రష్‌లు అరిగాయేమో చూడాలి.

ఫ్యాన్ బాగానే ఉండి, ముల్లు హైవే మీదో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో లేస్తుంటే అప్పుడు రేడియేటర్, వాటర్ పంపు సంగతి చూడాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ ఒకటి ఈమధ్య విప్పాను. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే తెల్లపొరే సన్నటి గొట్టాల నోళ్లన్నిటికీ పట్టేసి ఉంది. సగం గొట్టాల్లో నీళ్లు ఆడడమే లేదు. కూలెంట్‌లో కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే.

ప్రశ్న: గంటసేపు నడిపాక మా కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, స్టార్ట్ కాదు. ఇరవై నిమిషాలు ఆగితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ మార్చాం, ఫ్యూయల్ పంపు మార్చాం. అయినా అంతే.
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సెల్ఫ్ బాగా తిరిగిందంటే బ్యాటరీ తప్పు లేదమ్మా. ఆ డబ్బు వృథా అయినందుకు బాధగా ఉంది. వేడెక్కితే ఆగి, చల్లారితే బతికే బండిలో నేను మొదట చూసేది క్రాంక్ సెన్సర్. క్రాంకు ఎంత వేగంతో, ఏ స్థానంలో తిరుగుతోందో ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, చెప్పే చిన్న భాగమది. చాలా రకాల్లో లోపల సన్నటి తీగచుట్ట ఉంటుంది. పాతబడ్డాక వేడికి ఆ తీగ తెగినట్టయి, చల్లారగానే మళ్లీ కలుస్తుంది. దాని కబురు అందకపోతే ఈసీయూ స్పార్క్‌నీ పెట్రోల్‌నీ రెండింటినీ ఆపేస్తుంది.

ఈసారి ఆగినప్పుడు రెండు సంగతులు గమనించండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి పంపు రెండు క్షణాలు జుయ్‌మంటోందా? సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదులుతోందా? పంపు మోగి, ముల్లు చచ్చినట్టు పడి ఉంటే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. స్కానర్‌లో పి0335 కోడ్ వస్తే మరీ మంచిది. రాకపోయినా సెన్సర్ బాగుందని తేల్చేయకూడదు. చల్లారాక పెట్టే స్కానర్‌కు ఆ తప్పు దొరక్కపోవచ్చు. ఇలాంటి బండే ఒకటి మా షెడ్డులో ఆగితే, సెన్సర్ మీద తడిగుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఉంచాను. మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. అంతకుముందు వాళ్లు మూడు షెడ్లు తిరిగొచ్చారు.

దారిలో ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు బూస్టర్ బలం ఒకటి రెండు తొక్కులకే మిగులుతుంది. పదేపదే తొక్కకుండా, ఒకే నొక్కుడుతో బండిని పక్కకు తీసి హజార్డ్ లైట్లు వేయండి. సెన్సర్ మార్చేదాకా హైవే ఎక్కకండి.

ప్రశ్న: మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదని మెకానిక్ తీసేశాడు. మైలేజీ తగ్గింది. దీనివల్లేనా?
– ఓ పాఠకుడు, రెంటచింతల

జవాబు: దీనివల్లే కావచ్చు. ఇంజన్ సరిగ్గా పనిచేసేది 90 డిగ్రీల దగ్గర. మీ ఊళ్లో 46 డిగ్రీలున్నా అది ఇంజన్‌కు చలే. థర్మోస్టాట్ లేకపోతే వేడెక్కడం ఆలస్యమవుతుంది, అందాకా ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. వెంటనే పెట్టించండి.

ప్రశ్న: కూలెంట్ తరచూ తగ్గుతోంది, లీకు ఎక్కడా కనబడదు. పొగ తెల్లగా వస్తోంది.
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు బండి నడపడం ఆపండి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఆయిల్ మూత కింద మీగడలాంటి పొర ఉందేమో చూడండి. కూలెంట్‌లోకి ఇంజన్ గ్యాస్ వస్తోందో లేదో తేల్చే పరీక్ష ఉంది, అది చేయించాకే హెడ్ విప్పనివ్వండి. ఇలాగే నడిపితే అల్యూమినియం హెడ్ వంగుతుంది.

అందరికీ ఒక మాట. వేడి మీదున్న రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి. లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్లే మరగకుండా ఉంటాయి, మూత తీయగానే మొహం మీదికి చిమ్ముతాయి. పైకి లేచిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే ఊరట పడకండి, టెంపరేచర్ సెన్సర్‌కు తగిలే కూలెంటే అయిపోయి ఉండవచ్చు. ఉత్తరం రాసేటప్పుడు బండి ఎన్నో ఏటిదో, ఆగింది ఎండలోనా చల్లపూటనా, ఏసీ వేసి ఉందా, ముల్లు ఎక్కడుందో తప్పకుండా రాయండి.