కొత్త బీఏలకు పాత బీఏ మాట

హైదరాబాద్‌లో బిజినెస్ అనలిస్టుగా (బీఏగా) చేరి, అదే పనిలో రిటైరయినవాణ్ణి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెప్పాలనుకున్నవి ఇవి. వరసకు అర్థమేమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

1. పని చేసే మనిషి పక్కన కూర్చోండి. ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చే ప్రాజెక్టు. ప్రతి రోగి ఫోన్ నంబరూ తీసుకుంటున్నామని మేనేజర్ చెప్పారు. డేటా తెరిస్తే ఎక్కడ చూసినా పది తొమ్మిదులు! కౌంటర్ వెనక బిల్లులు వేసే అమ్మాయి పక్కన ఒక పూట కూర్చుంటే సంగతి తెలిసింది. రాత్రిపూట యాక్సిడెంట్ కేసు వస్తుంది. తీసుకొచ్చినవాళ్లకు పేషెంట్ పేరే తెలియదు. నంబరు కొట్టనిదే స్క్రీన్ కదలదు. ఆ అమ్మాయి తొమ్మిది మీట నొక్కి పట్టుకుంటుంది, ఇంకేం చేస్తుంది? ఆమె సొరుగులో ఒక నోటుపుస్తకం కూడా ఉంది. అడ్వాన్సు ఎవరు కట్టారు, బాకీ ఎవరిది, ఏ డాక్టరు ఎవరికి తగ్గించమన్నారు... సాఫ్ట్‌వేర్‌లో చోటు లేనివన్నీ అందులో ఉన్నాయి. మాకు కావలసిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు నిజానికి అదే. ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా అది బయటికి రాదు. ఆ అమ్మాయిని మీటింగుకు ఎవరూ పిలవరు మరి.

2. అడిగిందల్లా వెంటనే రాసుకోకండి. ‘నలభై కాలమ్‌ల రిపోర్టు రోజూ పొద్దున్నే కావాలి’ అంటారు. అది చూసి ఏం చేస్తారండీ అని అడగండి. ఖాళీ పడకలెన్నో చూసుకుంటాను అంటారు. ఒక్క అంకె చాలు.

3. రాసిపెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. 1998 డిసెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర చేజారిపోయింది. నౌకను తిప్పే చిన్న ఇంజన్ల లెక్కను లాక్‌హీడ్ మార్టిన్ సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చింది. దారి లెక్కగట్టే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ బృందం అవి న్యూటన్లనుకుంది. దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. ఇంతవరకూ అందరూ చెబుతారు. మెట్రిక్ కొలతలే వాడాలని స్పెసిఫికేషన్‌లో ఉందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పత్రంలో తప్పు లేదు, వచ్చిన అంకెల్ని పత్రంతో కలిపి చూసినవాళ్లు లేరు. దారి మధ్యలోనే కొందరికి అనుమానం వచ్చింది కూడా. ఆ మాట తమలో తాము అనుకున్నారు తప్ప, సమస్యలు నమోదు చేసే పద్ధతిలో సరిగ్గా పెట్టలేదు. మీకు అనుమానం వస్తే టికెట్ వెయ్యండి. టీ దగ్గర చెప్పింది లెక్కలోకి రాదు.

4. టెస్టర్‌ను మొదటి మీటింగుకే పిలవండి. ‘నంబరు లేకపోతే ఎట్లా?’ అని అందరికంటే ముందు అడిగేది వాళ్లే.

5. మ్యూట్ నొక్కాక మాట్లాడేది, నొక్కకముందే మాట్లాడండి. మన ఊళ్లో ఇదో జబ్బు. అమెరికా క్లయింటు ‘శుక్రవారానికి అయిపోతుందా’ అంటే అందరం ‘ఓకే’ అంటాం. మ్యూట్ పడగానే ‘ఇదెట్ల అయితదన్నా’ అని గోల. మొహమాటంతో అన్న ఆ ఓకేను అవతలివాళ్లు మినిట్స్‌లో రాసేసుకుంటారు. డెవలపర్ ముఖం చూసి, కాల్‌లోనే ‘మావాళ్లతో మాట్లాడి రేపు చెబుతాం’ అనడం బీఏ పని. అలా అన్నందుకు కోప్పడిన క్లయింట్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

6. ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని కుమ్మరించకండి. ఐబీఎంలో ఓఎస్/360 పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి మరీ చెప్పారు, అలా చేస్తే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకు నేర్పాల్సింది పాతవాళ్లే కాబట్టి ఉన్న పనీ ఆగుతుంది. అయినా ప్రాజెక్టు లేక బెంచి మీదున్నవాళ్లను దింపుతూనే ఉంటారు, అది వేరే సంగతి. బీఏ చెయ్యగలిగింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ వాడకం మొదలయ్యే రోజుకు లేకపోయినా గడిచిపోయే పనులేవో రాసి క్లయింటు ముందు పెట్టండి. తేదీ జరపనని పట్టుబట్టినవాళ్లు కూడా ఆ కాగితం చూశాక కొన్నింటిని తామే కొట్టేస్తారు. అడిగి చూడండి.