జ్వరము స్వల్పమని తలపకుము

నర్సీపట్నము

చిరంజీవి రామునకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, మా చెల్లెలు నీకొసగిన మూత్రపిండము చక్కగా పనిచేయుచున్నదనియు, విశాఖపట్నమునుండి క్షేమముగ గొలుగొండ చేరితివనియు నీ జాబు చదివి మా కన్నులు చెమర్చినవి. ఈ దారిని నీకంటె ముందు నడచినవాడను గనుక ఒక్క మాట చెప్పవలయునని వ్రాయుచున్నాను.

నాకు మూత్రపిండము మార్చు శస్త్రచికిత్స జరిగిన రెండవయేట, పుష్యమాసమున ఒక సాయంకాలము, ఒడలు వణకెను. లంబసింగి చలిగాలి మన యూరిదాక దిగివచ్చినదని తలచి, ఇంతమాత్రమునకు డాక్టరును పిలుచుటకు మొగమాటపడి, అంగడిలో జ్వరపు బిళ్ళలు కొని మ్రింగి, దుప్పటి కప్పుకొని పరుండితిని. థర్మామీటరు నూరు డిగ్రీలు దాటలేదు. తెల్లవారునప్పటికి రక్తపుపోటు పడిపోయి, మాట తడబడగా, నన్ను విశాఖకు మోసికొనిపోయిరి. మూత్రమార్గమున పుట్టిన ఈ. కోలి యను సూక్ష్మజీవి నెత్తురులో కలసినదని పిమ్మట తేలెను.

అంత వ్యాధికి జ్వరము అంత స్వల్పముగ నుండుటకు కారణము కలదు. 1954లో బోస్టనునందు డాక్టరు జోసెఫ్ మర్రే మూత్రపిండమును మార్చినది ఏకరూప కవలల నడుమ గనుక, శరీరము దానిని పరాయిదని త్రోసివేయలేదు. మనకట్లు కాదు; టాక్రోలిమస్ వంటి మందులతో దేహమునందలి రక్షణశక్తిని నిత్యము అణచి యుంచవలెను. జ్వరమును పుట్టించునదియు ఆ శక్తియే గనుక, పరులకు నూటమూడు డిగ్రీలు చూపు వ్యాధి మనకు నూరే చూపవచ్చును, ఒక్కొక్కప్పుడు అదియు చూపకపోవచ్చును.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాధ్యక్షతన 1948లో ఆరియోమైసిన్ వెలువడిన నాటినుండి సూక్ష్మజీవులను చంపు ఔషధములు పెక్కు వచ్చినవి. ఐనను ఏ క్రిమికి ఏ మందో తెలియవలెనన్న, మందు పడకముందే రక్తము తీసి పరీక్షకు పంపవలెను. ఆనాడు నర్సమ్మ నా రెండుచేతులనుండి వేరువేరుగ నెత్తురు తీసి చిన్న సీసాలలో నింపిన తరువాతనే సెలైనులో మందు కలిపినది; పట్టినది కొద్ది నిమిషములే. నీయంతట నీవు సూక్ష్మజీవులను చంపు మాత్రలు కొని వేసికొందువేని ఆ ఆధారము చెరిగిపోవును. అంతియేకాదు, అట్టి మందులలో రిఫాంపిసిన్ టాక్రోలిమస్ బలమును తగ్గించి అవయవమునకే ముప్పు తెచ్చును; క్లారిత్రోమైసిన్ దానిని మితిమీరి పెంచి మూత్రపిండమును చెరచును. అట్లని భయపడి నిత్యపు మందులను నీవై మానకుము.

మూత్రమును బిగబట్టకుము. వానకాలమున వరిమడిలో వట్టికాళ్ళతో దిగకుము. తడినేలలో రక్తమునకు ఎక్కు క్రిములు కలవు. చలి వణకు వచ్చినను, మూత్రము మంటగ నున్నను, కారణము లేక నీరసించినను, ఆ గడియనే నీ వైద్యులకు ఫోను చేయుము. దారి దూరమైనచో ముందు నర్సీపట్నము ఏరియా ఆసుపత్రికి వచ్చి, "కిడ్నీ మార్పిడి చేయించుకొన్నవాడను" అని మొదటి మాటగా చెప్పుము. అర్ధరాత్రి డాక్టరును లేపుటకు మొగమాటపడకుము. నన్ను ఆనాడు పడుకోబెట్టినది ఆ మొగమాటమే.

ఈ జాబు తెచ్చువానితో ఒక థర్మామీటరు పంపుచున్నాను. మాత్రల పెట్టెలోనే యుంచుము.

ఆశీస్సులతో,
నీ మామయ్య