కడుపుకి బ్యాండ్, చేతిలో ఫైలు

గుంటూరు బ్రాడీపేటలో మా గుమ్మం దిగితే నాలుగడుగులకో మందుల షాపు, పదడుగులకో డాక్టరు గారి బోర్డు. కొంచెం అవతలికి పోతే కొత్తపేట నిండా ఆసుపత్రులే. పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ జనం వైద్యానికి వచ్చే ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో ఉండి కూడా, నా కడుపుకి వేసిన బ్యాండ్‌ని చూసే డాక్టరు కోసం నేను రెండేళ్లు తిరిగాను.

బరువు తగ్గడానికి 2009లో హైదరాబాద్‌లో ఆ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు నాకు 52 ఏళ్లు, 112 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, పీరియడ్ మొత్తం నిలబడలేకపోయేదాన్ని. కడుపు పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ వేసి, సన్నటి గొట్టంతో దాన్ని చర్మం కింద ఉండే పోర్టు అనే చిన్న బిళ్లకి కలుపుతారు. ఆ బిళ్లలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. కడుపు కోయరు, కావాలంటే తీసేయొచ్చు అన్నారు. ఆ మాటకే ఒప్పుకున్నాను.

2001లో అమెరికాలో అనుమతి వచ్చాక ఈ బ్యాండ్లు చాలా దేశాల్లో జోరుగా వేశారు. తర్వాత కడుపులో కొంత భాగాన్ని కోసి తీసేసే స్లీవ్ సర్జరీ వచ్చి వీటిని పక్కకి నెట్టేసింది. బ్యాండ్ వేసే డాక్టర్లు తగ్గిపోయారు. వేయించుకున్నవాళ్లం మాత్రం దాన్ని ఒంట్లో పెట్టుకుని బతుకుతున్నాం. నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ మూడేళ్లకే ఊరు మారారు. ఆ తర్వాత నేర్చుకున్నవే ఈ పాఠాలు.

1. ఆపరేషన్ బిల్లుతో ఖర్చు అయిపోదు

ప్యాకేజీలో మొదటి ఏడాది చూపించుకోవడం వరకే ఉంది. బ్యాండ్‌కి మాత్రం అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ చూపించుకోవాలి. పైగా చూపించుకునే ఖర్చు కన్నా వెళ్లొచ్చే ఖర్చే ఎక్కువైంది: రాత్రి బస్సుకి ఇద్దరి టిక్కెట్లు, ఆటోలు, బడికి సెలవు. ఇన్సూరెన్సు మీద కూడా భరోసా పెట్టుకోకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నిబంధనల్లో బీఎంఐ 40 లేదా ఆపైన ఉన్నవాళ్లకి, లేదా 35 ఆపైన ఉండి తీవ్రమైన జబ్బులు కూడా ఉన్నవాళ్లకి, డాక్టరు సలహా మీద చేసే ఈ సర్జరీని పాలసీ తోసిపుచ్చకూడదన్నారు. కానీ ఆరోగ్య సంజీవని లాంటి పాలసీలో డిశ్చార్జి తర్వాతి ఖర్చు 60 రోజుల వరకే ఇస్తారు. 61వ రోజు నుంచి మన జేబే. అందుకని నెలనెలా చీటీ కట్టినట్టు కొంత డబ్బు దీనికని విడిగా పెట్టుకున్నాను. నా వైద్యం ఆగకుండా సాగింది ఆ డబ్బుతోనే.

2. ఫైలు మీ బీరువాలో ఉండాలి

కొత్త డాక్టరు దగ్గరికి మొదటిసారి ఒక్క డిశ్చార్జి కాగితంతో వెళ్లాను. "ఏ కంపెనీ బ్యాండమ్మా? ఎంత సైజు? ఇప్పుడు లోపల ఎంత సెలైన్ ఉంది?" అని అడిగారు. ఒక్కదానికీ జవాబు లేదు. రకాన్ని బట్టి కొన్ని బ్యాండ్లలో 4 మిల్లీలీటర్లే పడుతుంది, కొన్నిట్లో 14 దాకా పడుతుంది. 3 మిల్లీలీటర్లంటే ఒకదానికి ముప్పావు వంతు, ఇంకోదానికి పావు వంతు కూడా కాదు. ఆ లెక్క తెలియకుండా ఏ డాక్టరైనా సూది ఎలా పెడతారు? ఆపరేషన్ నోట్సు, బ్యాండ్ పెట్టె మీది స్టిక్కరు, పోర్టు ఎక్కడుందో చూపే ఎక్స్‌రే, ఎప్పుడు ఎంత ఎక్కించారో ఎంత తీశారో రాసిన పట్టిక, ఇవన్నీ అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపించండి.

3. ప్రతి పనికీ పెద్ద ఊరు అక్కర్లేదు

ఒకరోజు కాగితం మీద గీత గీసి, బ్యాండ్ తెలిసిన సర్జనే చేయాల్సిన పనులు ఒకవైపు, ఎవరైనా చేయగలిగినవి రెండోవైపు రాశాను. మొదటి వైపు మూడే వచ్చాయి: సెలైన్ ఎక్కించడం లేదా తీయడం, బ్యాండ్ జారిందేమోనని తేల్చడం, కొత్తగా మొదలైన నొప్పి సంగతి చూడటం. బరువు, షుగరు, బీపీ, బరువు తగ్గేకొద్దీ షుగరు మాత్రలు తగ్గించడం, హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి పరీక్షలు, ఇవన్నీ రెండోవైపు. వాటిని మా ఫ్యామిలీ డాక్టరు గారికి అప్పగించాను. విటమిన్లు, కాల్షియం మాత్రలు జన ఔషధి షాపులో కొంటాను. బేరియం తాగించి తీసే ఎక్స్‌రే గుంటూరులోనే అవుతుంది. ప్రైవేటుకి పోలేనివాళ్లు పెద్దాసుపత్రి జనరల్ సర్జరీ ఓపీలోనో, 2019లో ఓపీ మొదలైన మంగళగిరి ఎయిమ్స్‌లోనో ముందు అడగండి. అక్కడ చేయలేమన్నా, ఎవరి దగ్గరికి వెళ్లాలో దారి చెబుతారు. ఇలా పంచుకున్నాక హైదరాబాద్ ప్రయాణం ఏడాదికి ఒక్కటికి తగ్గింది.

4. అడిగే తీరు మార్చుకోండి

"నా బ్యాండ్ చూస్తారా?" అని ఫోన్ చేస్తే కాదనేవాళ్లు. ఇంకొకరు వేసినదాన్ని ముట్టుకుంటే ఏమైనా అయితే మాట తమ మీదికి వస్తుందని డాక్టర్లు వెనకాడతారు. అందులో తప్పు లేదు. అందుకని ఇలా అడగడం మొదలుపెట్టాను: "డాక్టరు గారికి బ్యాండ్ పోర్టులో సెలైన్ ఎక్కించిన అనుభవం ఉందా? ఎక్స్‌రే కింద చూస్తూ చేస్తారా, చేత్తో తడిమి చేస్తారా? ఓపీ, సూది, ఎక్స్‌రే అన్నీ కలిపి ఎంతవుతుంది? నా దగ్గర పూర్తి ఫైలు ఉంది, ముందు పంపమంటారా?" ఫైలు ఉందనగానే అవతలివాళ్ల గొంతు మారేది. చివరికి విజయవాడలో నాకు డాక్టరు దొరికింది ఈ ప్రశ్నలతోనే.

5. సూది గురించి తెలుసుకోండి

పోర్టులో మామూలు ఇంజెక్షన్ సూది గుచ్చకూడదు. అది సిలికాన్ పొరని చిన్న ముక్కగా కోసేస్తుంది, తర్వాత సెలైన్ కారిపోతుంది. దీనికి హ్యూబర్ నీడిల్ అనే వేరే సూది ఉంది. అది దొరకలేదని ఒకసారి నన్ను తిప్పి పంపేశారు. కీమోథెరపీ పోర్టులకి వాడేదీ ఈ రకం సూదేనని తర్వాత తెలిసింది. అంటే క్యాన్సర్ వైద్యం ఉన్న ఊళ్లో అది దొరుకుతుంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగమే ఉంది. డాక్టరు గారిని అడిగి, సరైన పొడవు రాయించుకుని, సూది నేనే కొని తీసుకెళ్లాను. సూది కొనడం వరకే మన పని. గుచ్చడం మాత్రం తెలిసినవాళ్లే చేయాలి.

6. బిగించినకొద్దీ బరువు తగ్గదు

మళ్లీ మళ్లీ ప్రయాణాలు ఎందుకని ఒకసారి ఎక్కువ బిగించమని నేనే అడిగాను. అన్నం ముద్ద దిగేది కాదు. చపాతీ, మాంసం సంగతి చెప్పనే అక్కర్లేదు. దాంతో దిగేవాటికి మరిగాను: పాయసం, ఐస్‌క్రీం, పంచదార వేసిన పాలు. నాలుగు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. కొంచెం సెలైన్ తీయించుకున్నాక మళ్లీ పప్పు, గుడ్డు, మెత్తగా ఉడికిన కూర తినగలిగాను. చిన్న ముద్ద, బాగా నమలడం, తింటూ నీళ్లు తాగకపోవడం, ఈ మూడూ పాటిస్తే తరచూ బిగించాల్సిన పని రాదు. మన గుంటూరు కారం రాత్రిపూట గొంతులోకి ఎగదన్ని దగ్గు వస్తుంటే మిరపకాయని తిట్టి ఊరుకోకండి. బ్యాండ్ బిగుతైందనడానికి అదొక గుర్తు.

7. ఆలస్యం చేయకూడని రోజు ఒకటి వస్తుంది

2014 వేసవిలో మూడు రోజులు వాంతులయ్యాయి. మంచినీళ్లు కూడా నిలవలేదు. అనవసరంగా డబ్బు ఖర్చని మజ్జిగతో నెట్టుకొచ్చాను. నాలుగో రోజు తీసుకెళ్లిన చోట బ్యాండ్ సంగతి ఎవరికీ తెలియలేదు, గ్యాస్ అనుకున్నారు. తెలిసిన డాక్టరు గారు ఫోన్‌లో చెబితే పోర్టులోంచి సెలైన్ మొత్తం తీశారు. బ్యాండ్ జారిందని ఎక్స్‌రేలో తేలింది. నా అదృష్టం కొద్దీ ఆపరేషన్ లేకుండానే సర్దుకుంది. మూడు రోజులు డబ్బు మిగుల్చుదామనుకుంటే పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఉమ్మి కూడా మింగలేకపోయినా, ఛాతీలోనో కడుపులోనో నొప్పి తగ్గకపోయినా, పోర్టు దగ్గర ఎర్రగా వాచినా, ఉన్నట్టుండి ఎంతైనా తినగలుగుతున్నా అదే రోజు వెళ్లండి. చివరి రెండూ బ్యాండ్ కడుపులోకి కొరుక్కుపోవడం వల్ల కావచ్చు. అది ఎండోస్కోపీలో తెలుస్తుంది. రోజుల తరబడి వాంతులైనవాళ్లకి గ్లూకోజ్ పెట్టే ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి. ఈ మాట ఫైలు మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను, నేను చెప్పలేని స్థితిలో ఉన్నా చదువుతారని.

8. పదో ఏట ఎవరు చూస్తారని ముందే అడగండి

ఇప్పుడు 81 కిలోలు ఉన్నాను. బ్యాండ్‌లో సెలైన్ కొంచెమే ఉంది. ఎప్పుడైనా తీసేయాలంటే తీయించుకుంటాను. అలా తీయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఓడిపోవడమేమీ కాదు. ఆ ఖర్చుకి కూడా చీటీ డబ్బు కొంత పక్కన పెట్టాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో ఆడవాళ్లలో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. కాబట్టి ఈ సర్జరీల ప్రశ్న ఇంకా చాలా ఇళ్లకి వస్తుంది. మొన్న అరండల్‌పేట నుంచి ఒకమ్మాయి వచ్చింది, నా దగ్గర చదువుకున్నదే. స్లీవ్ చేయించుకుందామనుకుంటోందట. "ఎంతవుతుంది టీచరుగారూ?" అని అడిగింది. స్లీవ్‌కి బిగించే పని లేకపోయినా విటమిన్లు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయని చెప్పాను. బీరువాలోంచి నా ఫైలు తీసి ముందు పెట్టాను. గంటసేపు ఒక్కో కాగితం తిప్పి చూసింది. వెళ్లేటప్పుడు నోటు పుస్తకంలో ఒక ప్రశ్న రాసుకుంది, ఆపరేషన్ ఒప్పుకోక ముందే సర్జన్ గారిని అడగడానికి: "మీరు ఈ ఊళ్లో లేకపోతే నన్ను ఎవరు చూస్తారండీ, ఎంతకి చూస్తారు?"

2009లో ఆ ప్రశ్న అడగమని నాకు చెప్పేవాళ్లు లేరు. మీకు చెప్పాలనే ఇదంతా రాశాను.