స్థానిక వ్యవసాయ ప్రదర్శనలలో దేశీ గొర్రెలు: దక్కనీ జాతి ఎంపిక, సన్నద్ధత, తీర్పు

మండల స్థాయి వ్యవసాయ ప్రదర్శనలలో గొర్రెల పందిరి వద్ద వినిపించే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఈ పొట్టేలు ఎన్ని కిలోలు తూగుతుంది? బహుమతి సైతం చాలాసార్లు ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టే నిర్ణయమవుతున్నది. తూకమే కొలమానమైన చోట మన మెట్ట ప్రాంతపు నల్ల గొర్రె, అనగా దక్కనీ జాతి, పోటీకి రాకముందే ఓడిపోతుంది. ఆ జాతిని ప్రదర్శనకు ఎట్లా ఎంపిక చేయాలి, ఎట్లా సిద్ధపరచాలి, దానికి తీర్పు ఎట్లా చెప్పాలి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశాలు.

ఈ వ్యాసకర్త సస్యశాస్త్ర విభాగానికి చెందినవాడు. అయినను మెట్ట సేద్యాన్ని బోధించేవాడు గొర్రెను తప్పించుకొని పోలేడు. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం మాత్రమే ఉండగా, గొర్రెల ఎరువులో అది సుమారు 3 శాతం. భాస్వరం 1 శాతం, పొటాష్ 2 శాతం వరకు ఉంటాయి. మందను రాత్రిపూట పొలంలో నిలిపినపుడు మూత్రం కూడా వృథా కాకుండా నేలలోకే చేరుతుంది. కాబట్టి ఏ గొర్రె దూరం నడిచి, మోడు మేసి, మరల పొలానికి రాగలదు అన్నది పశుశాస్త్రవేత్తకు ఎంత ముఖ్యమో మాకూ అంతే ముఖ్యం.

హైదరాబాదు ఆగ్నేయ దిశగా బాలాపూర్ నుంచి ఇబ్రహీంపట్నం వరకు ఉన్న ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఎర్ర చల్కలు, రాతి గుట్టలు, చెరువు శిఖాలు కలిసిన ఈ నేల ఒకప్పుడు మందలకు అనువైన మేత భూమి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత బీడు భూములకు హద్దురాళ్లు పడ్డాయి, ప్లాట్ల చుట్టూ ప్రహరీలు లేచాయి. మంద ఒక గుట్ట నుంచి మరొక గుట్టకు పోవాలంటే తారు రోడ్డు దాటవలసిందే. మేత తగ్గినకొద్దీ కాపరి తక్కువ గొర్రెలతో ఎక్కువ మాంసం ఆశిస్తాడు, అది సహజం. ఆ ఆశకు సమాధానంగా కనిపిస్తున్నది ఎత్తైన నెల్లూరు పొట్టేలు.

రాష్ట్రంలో గొర్రెల సంఖ్యకు కొదవ లేదు. 2012 పశుగణనలో 1.28 కోట్లుగా ఉన్న సంఖ్య 2019 నాటి 20వ పశుగణనలో 1.91 కోట్లకు చేరి, తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలో నిలిచింది. 2017 జూన్‌లో ప్రారంభమైన పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో ఇచ్చారు. వాటిని పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. వాటిలో నెల్లూరు పోలిక గలవి విరివిగా ఉన్నాయి. గొర్రెలు పెరిగాయి, అయితే పెరిగినది ఏ గొర్రె అన్న ప్రశ్నను మనం తగినంతగా వేసుకోలేదు.

రెండు జాతుల భేదాన్ని విద్యార్థులు కంటితోనే గుర్తించగలగాలి. నెల్లూరు జాతి ఎత్తైనది, కాళ్లు పొడవు, ఒంటిపై ఉన్ని కాక పొట్టి వెంట్రుకలు ఉంటాయి. తెల్లనిది పల్ల, తెల్లని ఒంటిపై మూతి, కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్నది జోడిపి, గోధుమ ఎరుపు రంగుది దోర. చాలా వాటికి గొంతు కింద రెండు చిన్న తోలు తిత్తులు వేలాడుతుంటాయి. దక్కనీ గొర్రె మధ్యస్థమైనది. రంగు ప్రధానంగా నలుపు. బూడిద రంగువి, తెల్ల మచ్చలవి కూడా ఉంటాయి. ముక్కు దూలం వంపుగా, చెవులు వాలి, మెడ సన్నగా, తోక పొట్టిగా ఉంటుంది. పొట్టేళ్లకు మెలితిరిగిన కొమ్ములు ఉంటాయి, ఆడవి సాధారణంగా బోడివి. ఉన్ని ముతక. మహారాష్ట్రలో ఇదే జాతిలో లోనంద్, సంగమ్నేరి, సోలాపురి, కొల్హాపురి అనే ఉపరకాలను గుర్తించారు. కనుక ఒక జిల్లా గొర్రెను మరొక జిల్లా కొలతతో తప్పుపట్టరాదు.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక స్థానిక ప్రదర్శనలో నన్ను న్యాయనిర్ణేతలలో ఒకనిగా కూర్చోబెట్టారు. అన్ని పొట్టేళ్లకూ ఒకే విభాగం. పళ్లు చూడలేదు, కాటా మాత్రం పెట్టాం. దోర రంగు పొట్టేలు ఒకటి అందరికన్నా ఎక్కువ తూగింది, దానికే ప్రథమ బహుమతి ఇచ్చాం. అది అంగడిలో కొని కొన్ని నెలలు దాణాపై పెంచినదని తరువాత తెలిసింది. వరుస చివర ఒక కురుమ వృద్ధుడు నల్ల పొట్టేలుతో నిలబడి, దాని గిట్టలు పట్టి చూడమని, దాని పిల్లలు మందలో ఉన్నాయి వచ్చి చూడమని అడిగాడు. మాకు సమయం లేదన్నాం. నాలుగేళ్ల తరువాత విద్యార్థులతో అదే ఊరికి వెళ్లినపుడు ఆయన మందలో ఉన్నది దోర పొట్టేలు. పిల్లలలో ఎక్కువ భాగం ఎర్రనివి, ఉన్ని లేనివి. బహుమతి వచ్చిన రకమే మంచిదని పెద్దలే చెప్పిరి గదా అన్నాడాయన, నిష్ఠురం లేకుండానే.

ఆయన లెక్క తప్పు కాదు. మాంసానికి ధర ఉన్నది, ఉన్నికి లేదు. దక్కనీ గొర్రె ఏడాదికి ఇచ్చే ఉన్ని కిలోకు లోపే. కత్తిరింపు కూలి కూడా రాని చోట్లు ఉన్నాయి. చింతగింజల గంజి పట్టించి గొంగడి నేసే చేతులు తగ్గిపోయాయి. తప్పిన లెక్క మాది. ప్రదర్శనలో ఇచ్చే తీర్పు ఒక జంతువుకు ఇచ్చే మార్కు మాత్రమే కాదు, ఆ ఊరి మందలలో దాటింపుకు ఏ పొట్టేలును వాడాలో చెప్పే సలహా కూడా. మందలో 25 నుంచి 30 గొర్రెలకు ఒక్క పొట్టేలే ఉంటుంది. పరాయి జాతి పొట్టేళ్లను వరుసగా వాడితే మొదటి తరం పిల్లలలో సగం, రెండవ తరంలో నాలుగింట మూడు వంతులు, మూడవ తరంలో ఎనిమిదింట ఏడు వంతులు ఆ జాతి రక్తమే. పదేళ్లలోపే ఒక మంద జాతి మారిపోవడానికి ఇది చాలు.

బరువుకు పట్టం కట్టడం మన ఒక్కరి పొరపాటు కాదు. లండన్‌లో 1798లో ఏర్పడిన స్మిత్‌ఫీల్డ్ క్లబ్ ప్రదర్శనలు కొవ్విన పశువులకు పేరుపొందాయి. ఆ కాలపు చిత్రకారులు పశువులను పెట్టెల వలె చతురస్రంగా చిత్రించేవారు, యజమానికి కావలసినది అదే గనుక. అదే దేశంలో స్థానిక జాతులు తరిగిపోతున్నాయన్న ఆందోళనతో 1973లో అరుదైన జాతుల పరిరక్షణకు ప్రత్యేక సంస్థ నెలకొల్పవలసి వచ్చింది. నేడు అక్కడి ప్రదర్శనలలో స్థానిక జాతులకు వేరు విభాగాలు ఉంటాయి.

మనమూ ముందుగా చేయవలసినది విభాగాలను వేరు చేయడమే. దక్కనీ, నెల్లూరు జాతులు ఒకే వరుసలో నిలబడరాదు. జాతి లోపల పళ్లను బట్టి వయోవర్గాలు ఉండాలి: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లు ఆపైనవి. రెండు శాశ్వత పళ్లు సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య వస్తాయి. కాపరి చెప్పే వయస్సు కన్నా నోరు చెప్పేది నమ్మదగినది. ఆడ గొర్రెను పిల్లతో సహా నిలబెట్టాలి. అన్నిటికన్నా విలువైనది సంతతి విభాగం: ఒక పొట్టేలు, దాని వెంట దాని పిల్లలు నాలుగు. దాణాతో ఒక పొట్టేలును బలిపించవచ్చును గాని, నాలుగు పిల్లలలో ఒకే పోలికను దాణా తేలేదు. ఆనాడు ఆ వృద్ధుడు అడిగినది ఇదే.

మార్కుల విషయంలో నా సూచన: వందలో జాతి లక్షణాలకు 25, కాళ్లు, గిట్టలు, నడకకు 25, వృషణాలు లేదా పొదుగుకు 20, వయస్సుకు తగిన పెరుగుదల, కండకు 20, ఉన్నికి 10. ఉన్నికి ఇంత తక్కువ ఎందుకని కొందరు అడగవచ్చు. కొనేవారు లేని సరుకుకు ఎక్కువ మార్కులిచ్చి కాపరిని మభ్యపెట్టరాదు. గొంగడి నేసేవారు ఇంకా ఉన్న గ్రామాలలో ఈ సంఖ్యను పెంచుకోవచ్చు. నడకకు మాత్రం మార్కులు తగ్గించరాదు. జంతువును ఇరవై అడుగులు నడిపించి ముందు నుంచి, వెనుక నుంచి చూడాలి. మడమలు దగ్గరగా రాసుకొనేది మేతకు దూరం పోలేదు. కండ పరీక్షకు కాటా కాదు, చేయి కావాలి. నడుము ఎముకలపై వేళ్లు ఆనించి ఒకటి నుంచి ఐదు వరకు అంచనా వేయడం విద్యార్థులు సాధన చేయాలి. పొట్టేలు మూడు దగ్గర ఉంటే చాలు. అంతకు మించి కొవ్వెక్కినది దాటడానికి బద్ధకిస్తుంది. తూకం వేసే పక్షంలో ఉదయం మేతకు, నీటికి ముందే వేయాలి. ఉప్పు తినిపించి నీరు తాగించే కిటుకు అంగడి తెలిసిన ప్రతివారికీ తెలుసు.

సన్నద్ధత విషయంలో కాపరులు చేసే పొరపాటు చివరి వారంలో దాణా కుమ్మరించడం. మేతపై పెరిగిన గొర్రెకు ఒక్కసారిగా మొక్కజొన్న, జొన్నలు పెడితే కడుపులో ఆమ్లత్వం పెరుగుతుంది, చిటుక రోగానికి దారితీస్తుంది. ప్రదర్శనకు ముందురోజు మంచి పొట్టేలు చనిపోయిందంటే తరచుగా కారణం ఇదే. రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు మూడు వారాలలో 250 గ్రాములకు చేర్చాలి. గిట్టలను పదిహేను రోజుల ముందే కత్తిరించాలి. ముందురోజు కత్తిరిస్తే కుంటుతుంది. నల్ల ఉన్నికి నూనె, రంగు పూయరాదు. రంగు పూసినది తేలితే పోటీ నుంచి తొలగించాలి.

తాడుకు అలవాటు చేయడం అన్నిటికన్నా ఓపిక కోరే పని. దేశీ గొర్రె మంద జీవి. ఒంటరిగా కట్టేస్తే బెదిరి మెడ విరుచుకొంటుంది. నెల రోజుల ముందు నుంచి రోజూ కాసేపు మెడతాడుతో నిలబెట్టి, మంద కనుచూపు మేరలో ఉండగానే నడిపించాలి. ప్రదర్శనకు తోడుగా అదే మందలోని మరొక గొర్రెను తీసుకుపోవాలి. మందలో రోజూ తిరిగే కుర్రవాడు పట్టుకొంటే నిలబడే పొట్టేలు, యజమాని పట్టుకొంటే నిలబడకపోవచ్చు. పేరు ఎవరిదైనా తాడు ఆ కుర్రవాని చేతిలోనే ఉండనివ్వాలి.

పలు ఊళ్ల మందలు ఒకచోట చేరడం రోగాలకు మంచి అవకాశం. పీపీఆర్, బొబ్బ, చిటుక రోగం టీకాలు కనీసం మూడు వారాల ముందు పూర్తి కావాలి, రోగనిరోధక శక్తి ఏర్పడడానికి ఆపాటి వ్యవధి అవసరం. నట్టల మందు కూడా అప్పుడే. ప్రవేశద్వారం వద్ద పశువైద్యుడు మూతి, కళ్లు, చర్మం చూడాలి. ముక్కు కారుతున్నది, పొక్కులున్నది ఎంత దూరం నుంచి వచ్చినా వెనుకకు పంపాలి. ఉమ్మడి తొట్టిలో నీరు పెట్టరాదు. పొట్టేళ్లను ఢీకొట్టించి జనాన్ని రంజింపజేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. నిర్వాహకులు దీనిని ఆహ్వాన పత్రంలోనే అచ్చువేయడం మంచిది.

తిరిగి వచ్చిన గొర్రెలను 21 రోజులు మందకు దూరంగా కట్టాలి. కాపరి దీనికి అంత సులభంగా ఒప్పుకోడు. బహుమతి వచ్చిన పొట్టేలును ఆ సాయంత్రమే దాటింపుకు అడిగేవారు ఇంటి ముందు ఉంటారు. ఆ వచ్చినవారి ఊరు, మందలోని గొర్రెల సంఖ్య విస్తరణ శాస్త్రవేత్త అక్కడే రాసుకోవాలి. మరుసటి ఏడాది సంతతి విభాగానికి పిల్లలను ఏ మందలలో వెతకాలో ఆ పుస్తకమే చూపుతుంది.