బండి చెప్పింది, నేను చెప్పలేదు: పాత ఫోర్ వీల్ డ్రైవ్‌తో నేర్చుకున్న పాఠం

నేను మెకానికల్ మూడో సంవత్సరం. డిఫరెన్షియల్ బొమ్మ గీసి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అయినా ఇంట్లో ఉన్న జిప్సీని నా చేతులతో నేనే పాడు చేశాను. ఎలా చేశానో, ముందే ఎలా పట్టుకుని ఉండొచ్చో, ఇప్పుడు ఏమేం చూసుకుంటున్నామో ఇందులో రాస్తున్నాను. మీ ఊళ్లో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటే నేరుగా పనికొస్తుంది. లేకపోయినా, సిలబస్‌లో చదివింది రోడ్డు మీద ఎలా కనబడుతుందో తెలుస్తుంది.

ముందు బండి గురించి

మాది పాడేరు దగ్గర పల్లె. నాన్న దగ్గర పాత జిప్సీ కింగ్ ఉంది, 1298 సీసీ ఇంజిన్. సీజన్‌లో కాఫీ, మిరియాల బస్తాలు మోస్తుంది. వానాకాలంలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందు మా ఇంటి తలుపే తడతారు. మా పైనున్న గూడేలకి వేరే బండి ఎక్కదు.

జిప్సీది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. గేర్‌బాక్స్ నుంచి ఒక చిన్న షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి, ఇంకోటి ముందుకి. గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న లివర్ ఉంటుంది. దాన్ని 2హెచ్‌లో పెడితే వెనక చక్రాలు, 4హెచ్‌లో పెడితే నాలుగూ, 4ఎల్‌లో పెడితే నాలుగూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో. ముందు చక్రాల మధ్యలో హబ్‌లు ఉంటాయి. దిగి వాటిని చేత్తో లాక్‌కో, ఫ్రీకో తిప్పాలి.

ఇందులో అసలు విషయం ఒకటే. ముందు షాఫ్ట్‌కీ వెనక షాఫ్ట్‌కీ మధ్య డిఫరెన్షియల్ లేదు. 4హెచ్ వేస్తే రెండూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలి.

నేను చేసిన తప్పు

మొన్న మే సెలవుల్లో చోడవరం నుంచి ఇంటికి నేనే నడిపాను. బయల్దేరే ముందు ఒక బురద స్థలం దాటడానికి హబ్‌లు లాక్ చేసి 4హెచ్ వేశాను. తర్వాత తీయలేదు. "నాలుగు చక్రాలూ లాగితే ఘాట్‌లో ఇంకా సేఫ్ కదా" అనుకున్నాను. ఎండకి కాలిపోతున్న తారు రోడ్డు. మలుపు మలుపుకీ స్టీరింగ్ బరువెక్కింది, బండి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఈడ్చింది. పైకొచ్చాక లివర్ 2హెచ్‌కి లాగితే రాలేదు. పక్కన ఆగిన లారీ డ్రైవరు చూసి, "తిన్నగా కొంచెం వెనక్కి పోనీ బాబూ, అదే వస్తాది" అన్నాడు. నాలుగు గజాలు వెనక్కి పోనిచ్చాను. లివర్ 'టక్'మని వచ్చేసింది.

ఆ మర్నాటి నుంచి ముందు వైపు చిన్న కీచు చప్పుడు. నాన్న "ఏటిరా ఆ చప్పుడు?" అనడిగితే "బ్రేకు దుమ్ము అయ్యుంటాది" అన్నాను. ఘాట్ సంగతి చెప్పలేదు.

మలుపులో ఏం జరిగింది: లెక్క

జిప్సీ కింగ్ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు. ఒక హెయిర్‌పిన్ మలుపులో వెనక ఇరుసు మధ్య బిందువు 6 మీటర్ల వ్యాసార్థంతో తిరిగిందనుకోండి. పైథాగరస్ వేస్తే ముందు ఇరుసు మధ్య బిందువుకి వ్యాసార్థం దాదాపు 6.45 మీటర్లు. సగం చుట్టులో వెనకది 18.8 మీటర్లు పోతే ముందుది 20.2 మీటర్ల పైన పోవాలి. తేడా సుమారు 1.4 మీటర్లు.

షాఫ్ట్‌లు రెండూ ఒకే వేగంతో కట్టేసి ఉంటే ఈ 1.4 మీటర్లు ఎక్కడికి పోతాయి? బురదలోనో, ఇసకలోనో అయితే టైరు జారి సర్దుకుంటుంది. ఎండు తారు మీద టైరు అంత సులువుగా జారదు. షాఫ్ట్‌లు, క్రాస్‌లు, గేర్ల పళ్లు మెలి తిరిగి బిగుసుకుంటాయి. స్టీరింగ్ బరువు, ఇరుక్కున్న లివర్ ఆ బిగువువల్లే. వెనక్కి పోనిస్తే మెలి విప్పుకుంది. ఒక్క ఘాట్‌లో అలాంటి మలుపులు ఎన్నో మీరే ఊహించుకోండి.

జూలై రాత్రి

జూలైలో గట్టి వాన. రాత్రి పదకొండింటికి పై గూడెం నుంచి ఇద్దరు కుర్రాళ్లు పరుగున వచ్చారు. ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయి. నేను వీకెండ్‌కి ఇంటికొచ్చి ఉన్నాను, నాన్నతో వెళ్లాను. ఆవిణ్ణి ఎక్కించుకుని దిగుతుంటే వాగు దాటాక ఎర్రమట్టి ఎక్కుడు. నాన్న 4హెచ్ వేశాడు. ముందు చక్రాలు ఒక్కసారి లాగాయి, అంతలో కింద పెద్ద చప్పుడు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ విరిగి, షాఫ్ట్ ఒక కొస వేలాడుతోంది.

నాన్న బురదలో పడుకుని, నేను టార్చి పట్టుకుంటే, పానాతో ఆ షాఫ్ట్ పూర్తిగా విప్పేశాడు. అలా వదిలేస్తే తిరుగుతూ పక్కనున్నవన్నీ పగలగొడుతుంది. ఆవిణ్ణి డోలీలో ఎక్కుడు పైకి మోశారు. బండికి తాడు కట్టి గూడెం వాళ్లు లాగారు. అక్కడి నుంచి 2హెచ్‌లో ఆసుపత్రికి. గంటన్నర ఆలస్యమైంది. తల్లీ బిడ్డా క్షేమం. కాకపోయి ఉంటే ఈ వ్యాసం రాసే ముఖం నాకుండేది కాదు.

ఆసుపత్రి వరండాలో మే నెల సంగతి చెప్పాను. నాన్న తిట్టలేదు. "బండి చెప్పింది కదరా. నువ్వే చెప్పలేదు" అన్నాడు.

ఆ క్రాస్ అప్పటికే పాతది, గ్రీజు ఎండినది. ఎప్పటికైనా పోయేదే. కానీ దాన్ని త్వరపెట్టిందీ, చప్పుడు దాచిందీ నేను.

చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం

షెడ్డులో మెకానిక్ నేర్పిన పద్ధతి ఇది. చూస్తే మన ట్రూత్ టేబులే. హబ్‌కి రెండు స్థితులు, లివర్‌కి రెండు స్థితులు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ వినాలి.

1. హబ్ ఫ్రీ, లివర్ 2హెచ్: ముందు షాఫ్ట్ అసలు తిరగదు. ఇక్కడా చప్పుడుంటే వెనక వైపో, గేర్‌బాక్స్ వైపో, చక్రాల బేరింగుల్లోనో వెతకాలి.
2. హబ్ లాక్, లివర్ 2హెచ్: రోడ్డే ముందు చక్రాల ద్వారా ముందు ఇరుసునీ, షాఫ్ట్‌నీ తిప్పుతుంది.
3. హబ్ ఫ్రీ, లివర్ 4హెచ్: ఇంజినే ముందు షాఫ్ట్‌ని తిప్పుతుంది. చక్రాలతో సంబంధం లేదు కాబట్టి తారు మీదా బిగుసుకోదు.
4. హబ్ లాక్, లివర్ 4హెచ్: ఇది బురదలోనో, వదులు మట్టిలోనో మాత్రమే.

1లో లేని చప్పుడు 2లోనూ 3లోనూ వస్తే, రెండింటికీ ఉమ్మడిగా తిరిగేవాటిని అనుమానించాలి: ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, ముందు డిఫరెన్షియల్, ఇరుసు షాఫ్ట్‌లు. 2లోనే వస్తే హబ్‌లు చూడాలి. 3లోనే వస్తే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ముందుకిచ్చే గేర్లు. మే నెలలో ఈ పది నిమిషాల పని చేసి ఉంటే షాఫ్ట్ అని తెలిసిపోయేది.

తర్వాత కింద దూరి చూడాలి. చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాకే. షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ మెలితిప్పండి. క్రాస్ దగ్గర లూజు తెలిస్తే మార్చాలి. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనబడితే లోపల బేరింగ్ ఎండిపోయినట్టే, లూజు లేకపోయినా సరే. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని పట్టుకునే రబ్బరు బుష్‌లు కూడా చూడండి. అవి చితికితే క్లచ్ వదిలినప్పుడల్లా కుదుపు వస్తుంది, గేర్లు తప్పు అని పొరబడతాం.

ఆయిల్, బ్రీదర్, టైర్లు

ఆయిల్ మార్చేటప్పుడు ముందు పైన పోసే ప్లగ్ విప్పండి, తర్వాతే కింది ప్లగ్. కిందిది విప్పి ఆయిల్ వదిలేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే ప్రమాదం.

ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయన్నమాట. మాలాంటి వాగులు దాటే బండ్లకి ఇది తరచూ వచ్చేదే. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. పైనున్న బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీదర్ శుభ్రం చేయడానికి రూపాయి ఖర్చు లేదు.

టైర్ల లెక్క కూడా చూడండి. వెనక రెండు కొత్తవి వేసి ముందు రెండు అరిగినవి ఉంచామనుకోండి. వ్యాసార్థంలో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఒక్కో చుట్టుకి 31 మిల్లీమీటర్లు. చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు కాబట్టి కిలోమీటరుకి తేడా 15 మీటర్లు. అంటే తిన్నటి రోడ్డు మీద కూడా మెలి పడుతూనే ఉంటుంది. టైర్లు నాలుగూ ఒకేలా అరిగేట్టు మార్చి మార్చి వేసుకోవాలి.

పాత ఆల్ వీల్ డ్రైవ్ కార్లయితే

ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే కార్లలో మధ్యలో తేడాని సర్దేది ఒకటి ఉంటుంది. పాత సుబారుల్లో చాలావాటికి సెంటర్ డిఫరెన్షియల్‌తో పాటు విస్కస్ కప్లింగ్ ఉంటుంది: సీలు వేసిన డబ్బాలో ప్లేట్లు, చిక్కటి సిలికాన్ ద్రవం. టైర్లు సమానంగా లేకపోతే అది రోజంతా పనిచేసి వేడెక్కి చివరికి బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టు కొడితే, నా జిప్సీ ఘాట్‌లో చేసినట్టే కుదుపుతూ ఈడుస్తుంది. పాత హోండా సీఆర్‌వీలో వెనక డిఫరెన్షియల్ దగ్గర రెండు పంపులుంటాయి. దాని ఆయిల్ పాతబడితే మలుపుల్లో మూలుగుతుంది. దానికి కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప వేరేది పోయకూడదు.

యంత్రం వేరైనా లక్షణం ఒకటే: ఇరుకు మలుపులో బరువెక్కితే ముందూ వెనకా కట్టేసుకున్నట్టు.

ఇప్పుడు మా జిప్సీ డాష్‌బోర్డు మీద చిన్న నోటు పుస్తకం ఉంది. ఎవరు నడిపినా, ఏ చప్పుడు విన్నా, ఎప్పుడు, హబ్ ఎలా ఉండగా అని రాయాలి. నా రూలే. మొదటి పేజీలో తేదీ వేసి మే నెల ఘాట్ సంగతి నేనే రాశాను.